కలుపు కూలి

గుర్రంపోడు దాటినంక టైరు పంచరై
బస్సు పత్తిచేను పక్కన ఆగింది.
ప్యాసింజర్లు డ్రైవరును తిడుతున్నరు.
గట్టు మీద ఖాళీ గడ్డిమందు డబ్బా,
దాని పక్కన
మందుకు దొరకకుండ మిగిలిన నాలుగు గునుగు కంకులు.
టికెట్ మిషన్ చంకల ఇరికిచ్చుకొని
ఒక కంకిని అరచేతిల దులిపిన.
ఆవాల కంటె చిన్నవి, నల్లగ, నున్నగ,
చీమ కండ్ల లెక్క మెరిసేటివి.
టికెట్ కాగితంల పొట్లం కట్టి
చిల్లర సంచిల ఏసుకున్న.
ఆనాడు లెక్కల రెండు రూపాయలు తక్కువొచ్చినయ్.

నల్లగొండల మా ఇంటి ముందర
తోట అంటే తోట కాదు.
ప్రహరికి, సెప్టిక్ ట్యాంకుకు నడుమ
మంచమంత మన్ను.
ఇల్లు కట్టంగ మిగిలిన మొరం, కంకర, సిమెంటు పెళ్లలు.
నర్సరీ పిలగాడు నవ్విండు:
"బంతి పెంచుతరు, చామంతి పెంచుతరు,
గునుగును ఎవలన్న పెంచుతరా అక్కా?"

మిరుగు ఎండకే పోయింది.
ఆరుద్రల ఒక్క వాన పడ్డది. చల్లిన.
ఎనిమిదో నాడు పచ్చ చుక్కలు,
నెల తిరిగేసరికి జానెడు మొక్కలు.
డ్యూటీకి పోయేటప్పుడు ఒకసారి,
వచ్చినంక సెల్లు లైటేసి ఒకసారి లెక్కపెట్టేదాన్ని.
ఇరవై మూడు.

ఒకనాడు వచ్చేసరికి
మడి అలికిన వాకిలి లెక్క ఉన్నది.
"కలుపు మస్తు లేచింది బిడ్డా, తీసి పారేసిన"
మా అత్త ఈదమ్మ
కొంగుకు చేతులు తుడుచుకుంట
మెచ్చుకుంటనేమోనని నా మొఖం చూస్తున్నది.

ఏమనాలె?
పదేండ్ల పిల్లప్పటి సంది
జొన్నల్ల, ఆముదాలల్ల, కంది సాళ్లల్ల
ఆమె పీకిందంత గునుగే.
దినానికి సోలెడు జొన్నలు,
తర్వాత రూపాయిన్నర, తర్వాత ఇరవై,
తర్వాత మోకాళ్ల నొప్పులు.
ఊరి ఆడోళ్లు సాయంత్రం పువ్వని తెంపుకుంటరు గని
పొద్దంత ఆమె చేతుల్ల అది
తెగని సాలు.

"అది నేనే పెట్టిన అత్తా" అన్న.
నోటికి కొంగు అడ్డం పెట్టుకొని
కడుపు నొచ్చేదాక నవ్వింది.
"కూలిచ్చి పీకిపిచ్చిన పటేలు చూస్తె
గుండె ఆగి పడు!"
నవ్వు ఆగినంక
గోడ పక్కన కుప్ప కాడ కూసున్నది.
వాడిన మొక్కలను ఒక్కొక్కటి ఎత్తి
వేరు చూసింది, మన్ను చూసింది.
"తుంచితె మళ్ల లేస్తది, కూలి కోస్తరు.
అందుకే వేరుతోని గుంజుడు నేర్చిన."
ఆ నేర్పే అక్కరకొచ్చింది.
తొమ్మిది ఏరి, చీకట్లనే నాటింది,
చెంబుతోని నీళ్లు, పైన తడి గోనెసంచి.

ఐదు బతికినయ్. ఒకటి మేక తిన్నది.

బాదురపదం ఎండలల్ల
కంకుల కొసలకు గులాబి రంగెక్కింది,
కింద వెండి.
సాయంత్రం పీటేసుకొని ఆమె అక్కడనే కూసుంటది.
మాటల నడుమ చెయ్యి దానంతట అదే
మొక్క మొదట్లకు పోతది,
పట్టుకుంటది,
పట్టు బిగిస్తది.
నేను ఊపిరి బిగబట్టి చూస్త.
వదులుతది.

పెద్ద బతుకమ్మ నాడు పక్కింటి సరూప
నాలుగు కంకులడిగితె
"అంగట్ల కట్ట ముప్పై, పోయి కొనుక్కో" అన్నది.

దీపావళి పోయినంక కంకులు ఎండినయ్.
మునివేళ్లతోని నలిచి, చాటల చెరిగి
నా టికెట్ కాగితాలల్ల పొట్లాలు కట్టింది.
"మీ బస్సు పోయే తొవ్వ పొడుగూత
కిటికీలకెల్లి చల్లు."
"రైతులు తిట్టరా అత్తా?"
"తిట్టనియ్" అన్నది
కండ్లకు చెయ్యి అడ్డం పెట్టుకొని
రోడ్డు దిక్కు చూసుకుంట.
"పీకెటోళ్లకు
నాలుగు దినాలు కూలన్న దొరుకుతది."